ఛాంబర్ అడుగున ఏముంది?

పాత పెట్రోల్ అంబాసిడర్ ఉన్న ఇంట్లో పెరిగిన వాళ్లకి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. మెకానిక్ బండి కిందనుంచి నల్లటి రేకుతొట్టి ఒకటి బయటికి తీస్తాడు. అడుగున మిగిలిన మడ్డిని వేలితో తీసి, అరచేతిలో రుద్ది, ఎండకు పెట్టి చూస్తాడు. ఆయనేం చెబుతాడోనని నాన్నగారు పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడేవారు. ఆ తొట్టే ఆయిల్ ఛాంబర్!

అదే ఇంజిన్ వంశంలో ఓ దొరబాబు ఉన్నాడు. పేరు ఎంజీబీ. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని ఆబింగ్‌డన్‌లో 5 లక్షలకు పైగా తయారైన స్పోర్ట్స్ కారు. అంబాసిడర్‌ది 1489 సీసీ అయితే దీనిది 1798. రెండూ బీఎంసీ వారి బి-సిరీస్ ఇంజిన్లే. (ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే ఎంజీలకీ దీనికీ పేరొక్కటే చుట్టరికం.) బ్రిటన్‌లో, అమెరికాలో ఈ కారుని ఇంటి గ్యారేజీలో సొంతంగా బాగుచేసుకునేవాళ్లు ఇప్పటికీ బోలెడుమంది. వాళ్లు వాయిదా వేస్తూ పోయే పని... ఛాంబర్ దించడం.

అసలు ఎందుకు దించాలి? నేల మీద ఆయిల్ చుక్కలు పడుతున్నాయనా? ఆగండి! పైన వాల్వ్ కవర్ దగ్గర కారిన ఆయిలు కూడా జారి జారి ఛాంబర్ అంచుకే చేరుతుంది. ముందు ఇంజిన్ శుభ్రంగా తుడిచి, నాలుగు రోజులు తిప్పి, తడి ఎక్కడ మొదలవుతోందో చూడాలి. భయపడాల్సింది ఆయిల్ ప్రెషర్ పడిపోతే. ఇంజిన్ వేడెక్కాక పరుగులో చదరపు అంగుళానికి 50 నుంచి 80 పౌండ్లు, ఐడ్లింగ్‌లో 10 నుంచి 25 ఉండాలి. ముల్లు అంతకన్నా దిగిపోతే మరో మీటరుతో సరిచూసుకుని, అప్పుడు కిందికి దూరాలి.

అదీ జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కాదు. గట్టి నేల మీద, స్టాండ్లు పెట్టాకే. జాకీ జారితే తప్పించుకునే వ్యవధి ఉండదు.

ఆయిలు దించేశాక బోల్టులన్నీ సులువుగానే వస్తాయి, ముందువైపువి తప్ప! సస్పెన్షన్‌ని మోసే ఇనుప అడ్డదూలం సరిగ్గా వాటి దారికి అడ్డం. అందుకని ఇంజిన్ మౌంటింగులు విప్పి, పైనుంచి చైన్ పుల్లీతో ఇంజిన్‌ని కాస్త లేపాలి. అంతకుముందే నీళ్లు దించి రేడియేటర్ గొట్టాలు ఊడదీయాలి. లేపుతున్నంతసేపూ ఫ్యాన్ రెక్కల మీద ఒకరి కన్నుండాలి. లేకపోతే రేడియేటర్‌కి చిల్లే! అతుక్కుపోయిన ఛాంబర్‌ని స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించొద్దు. అంచు వంగితే ఆ తర్వాత జీవితాంతం కారుతుంది. రబ్బరు సుత్తితో చుట్టూ తడితే వస్తుంది.

దిగిందా? కడిగేయకండి. నల్లటి మడ్డి మామూలే. అయస్కాంతానికి అంటుకునే ముక్కలుంటే ఏదో ఉక్కు భాగం అరుగుతోంది. వెండిలా మెరిసే పొడి బేరింగుల పైపూతది కావచ్చు. రాగిరంగు కనబడిందంటే ఆ పూత పోయి లోపలి పొర దాకా వచ్చిందన్నమాట. అక్కడితో బండి కదపకూడదు. బేరింగ్ క్యాపులు విప్పి చూడాల్సిందే. క్రాంక్‌షాఫ్ట్ నున్నగా ఉంటే కొత్త బేరింగులతో బయటపడొచ్చు. గీతలు పడితే ఇంజిన్ మొత్తం దించి, షాఫ్ట్ సాన పట్టించాలి. ఇంకో వారం చూద్దామని తిప్పితే చిన్న ఖర్చు కాస్తా పెద్దదయ్యేది ఇక్కడే. ఎలాగూ విప్పారు కాబట్టి ఆయిల్ పీల్చే జల్లెడ కూడా కడగండి.

బిగించేటప్పుడు చాలామంది బలం చూపిస్తారు. ఈ బోల్టులకి కావలసింది 6 పౌండ్-అడుగులు, చక్రం నట్లకి వేసే బలంలో పదో వంతు! ఎక్కువైతే రేకు గుంటలు పడి గాస్కెట్ నలిగిపోతుంది. పాత గుంటల్ని చెక్క మీద పెట్టి సుత్తితో చదును చేశాకే కొత్త గాస్కెట్, రెండు చివర్లా కార్కు సీళ్లు వేయాలి.

గొట్టాలు, మౌంటింగులు, నీళ్లు, ఆయిలు... అన్నీ యథాస్థానానికి వచ్చాక వెంటనే స్టార్ట్ చేయొద్దు. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టి, అప్పుడు ప్లగ్గులు పెట్టండి. రాత్రికి బండి కింద పాత పేపరొకటి పరవండి. తెల్లారి ఒకటీ అరా చుక్కలుంటే కంగారు పడకండి. ఎంజీబీ కదా!