కూర్చోవడం నేర్చే బిడ్డ



మెఫీబోషెతు దాది అతన్ని ప్రేమించనిది కాదు. ప్రాణం కాపాడాలనే ఎత్తుకొని పరుగెత్తింది. ఆ తొందరలోనే ఐదేండ్ల బాలుడు పడి, రెండు కాళ్లూ కుంటివయ్యాయి (2 సమూ. 4:4).

మన రామతీర్థం చుట్టుప్రక్కల ఊడ్పుల కాలంలోనూ ఇదే తొందర. చంటిబిడ్డను ఏడేళ్ల అక్కకు అప్పగించి తల్లి పొలానికి వెళుతుంది. ఆ పిల్ల తమ్ముణ్ణి మంచంమీద కూర్చోబెట్టి ఆటకు పోతుంది. తప్పు ఆ పసిదానిది కాదు.

బిడ్డలు సాధారణంగా 4 నుండి 9 నెలలలోపు ఆసరా లేకుండా కూర్చుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో తెలిపింది. పొరుగింటి బిడ్డ కూర్చుందని మీరు దిండ్లు పెట్టి తొందరపెట్టవద్దు. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లెదుట బోర్లా వేసి ఆడించండి. మెడ, నడుము బలపడతాయి. 9 నెలలు దాటినా కూర్చోకపోతే దిష్టి అనుకోక డాక్టరుకు చూపించండి.

కొత్తగా కూర్చున్న బిడ్డ ఏదో అందుకోబోయి ఇట్టే ఒరిగిపోతుంది. కనుక నేలమీద బొంత పరచి కూర్చోబెట్టండి; మంచం, అరుగు వద్దు. చీర ఉయ్యాలలో ఇక ఒంటరిగా వదలరాదు, పైకి లేచి తొంగిచూస్తుంది. చింతపిక్కలు ఏరివేయండి. బకెట్టులో జానెడు నీళ్లున్నా ప్రమాదమే.

పొలం పని మానలేము, నిజమే. సంఘంలోని అవ్వలు వంతులవారీగా బిడ్డలను చూడగలరేమో, ఈ ఆదివారం ఆరాధన తరువాత అడగండి.