విద్యార్థి తీర్చవలసిన ఋణం

నిజామాబాదు నుండి హైదరాబాదు వెళ్ళే దారిలో డిచ్‌పల్లి వద్ద ఒక్క పూట ఆగి చూచేవారికి మూడు కట్టడాలు కనిపిస్తాయి. గుట్టమీద శిల్పసంపదతో అలరారే ప్రాచీన రామాలయం ఒకటి. 1915లో కుష్ఠు వ్యాధిగ్రస్తుల కొరకు వెలసిన విక్టోరియా ఆస్పత్రి రెండవది. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం మూడవది. మొదటిది భక్తికి, రెండవది సేవకు, మూడవది విద్యకు నిలయాలు. ఈ మూడవ దాని గడపలో అడుగుపెట్టే యువతీ యువకులతోను, వారిని అక్కడికి పంపే పాఠశాల ఉపాధ్యాయులతోను నాలుగు మాటలు చెప్పుకోవలసిన అవసరం ఉన్నది.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొన్న తరువాత చాలా దశాబ్దాల పాటు ఈ జిల్లా బిడ్డకు ఉన్నత విద్య అంటే హైదరాబాదే. బోధను, బాన్సువాడ, ఆర్మూరు పల్లెల నుండి వెళ్ళిన పిల్లవాడు బంధువుల ఇంటనో, ఇరుకు గదిలోనో తలదాచుకొని చదువవలసి వచ్చేది. ఆ ఖర్చుకు ఓపలేని తండ్రి కుమారుని చదువు మధ్యలోనే మాన్పించేవాడు. కుమార్తె విషయమైతే అంత దూరం పంపవలెనన్న ఆలోచనే చాలా ఇండ్లలో పుట్టలేదు. నేడు ఎందరో యువతులు ఉదయం బస్సెక్కి డిచ్‌పల్లికి వచ్చి, సాయంత్రానికి ఇల్లు చేరగలుగుతున్నారు. ఇది సామాన్యమైన మార్పు కాదు.

అయితే ఈ విద్య ఎవరి ధనంతో లభిస్తున్నదో ఎందరు విద్యార్థులు ఆలోచిస్తున్నారు? పేద విద్యార్థుల బోధన రుసుమును ప్రభుత్వమే చెల్లించే పథకం 2008 ప్రాంతంలో వచ్చింది. ప్రభుత్వం చెల్లిస్తున్నదంటే ఎవరు చెల్లిస్తున్నట్లు? ఖజానాలో రూపాయి దానంతట అది మొలవదు. పసుపు పండించే రైతు, చెరకు నరికే కూలీ, ఒళ్ళో చేట పెట్టుకొని రోజంతా బీడీలు చుట్టే తల్లి కూడా అంగడిలో సబ్బుబిళ్ళ కొన్నప్పుడల్లా పన్ను కడుతున్నారు. వారిలో చాలామంది విశ్వవిద్యాలయం లోపల ఏమున్నదో చూచి ఎరుగరు. తాము చదువని చదువుకు మూల్యం చెల్లిస్తున్నవారు వారు.

మన పూర్వులు మనిషి పుట్టుకతోనే మూడు ఋణాలతో పుడతాడని చెప్పారు. దేవఋణం, పితృఋణం, ఋషిఋణం. వీటిలో ఋషిఋణం తీరే మార్గం ఒక్కటే, అది అధ్యయనం. దానధర్మాల చేత ఆ ఋణం తీరదు. చదువు చేతనే తీరుతుంది. నేటి విద్యార్థికి ఋషులతో పాటు రైతులు, కూలీలు కూడా ఋణదాతలే. కనుక విద్యార్థి బాధ్యతలను గురించి ఎంత పెద్ద పట్టిక వ్రాసినా అందులో మొదటి స్థానం చదువుకే దక్కవలసి ఉన్నది.

ఇది అందరికీ తెలిసిన మాటే గదా అని ఎవరైనా అనవచ్చును. తెలిసిన మాటే, కాని ఆచరణలో కనిపించడం లేదు. ముప్పది ఏండ్లకు దగ్గరగా తెలుగు పాఠం చెబుతున్న అనుభవంతో ఒక సంగతి చెప్పక తప్పదు. ఒకనాడు తరగతిలో ఒక ప్రబంధ ఘట్టం చెబుతూ, కవి ఆ పదాన్నే ఎందుకు వాడి ఉంటాడని ప్రశ్నించినాను. ముందు వరుసలోని తెలివైన కుర్రవాడు లేచి, ఎంతో వినయంగా, "సార్, ఇది పరీక్షలో వస్తుందా?" అని అడిగినాడు. అతని తప్పు లేదు. పరీక్షే చదువని అతనికి ఎవరో నేర్పినారు. ఆ నేర్పినవారిలో మేమూ ఉన్నాము. ఏడాదంతా ఖాళీగా ఉండే బల్లలు పరీక్షల నెలలో నిండడం, మూలగ్రంథం ముఖం చూడకుండా గైడు పుస్తకంతో పట్టం పుచ్చుకోవడం, సెల్‌ఫోను క్షణంలో అందించే సమాధానాన్ని తన సమాధానమని వ్రాసి ఇవ్వడం మనం నిత్యం చూస్తున్నవే.

ఇందువల్ల నష్టం ఆ విద్యార్థితో ఆగిపోతే విచారించి ఊరుకోవచ్చును. అది ఆగదు. నేడు గైడుతో పట్టం పొందిన యువకుడే రేపు ఒక పల్లెటూరి పాఠశాలలో ఉపాధ్యాయుడవుతాడు. తనకు రాని లెక్కను అతడు నలభైమంది పిల్లలకు చెప్పవలసి ఉంటుంది. తాను చదువని పద్యాన్ని వారి చేత చదివించవలసి ఉంటుంది. ఆ నలభైమందిలో బీడీలు చుట్టి పిల్లను బడికి పంపిన తల్లి బిడ్డ ఒకతె ఉంటుంది. ఎవరి సొమ్ముతో ఇతడు చదివినాడో వారి బిడ్డకే ఇతడు బాకీ పడుతున్నాడు. విశ్వవిద్యాలయంలో ఎగవేసిన తరగతికి మూల్యం పదేండ్ల తరువాత ఒక చిన్నపిల్ల చెల్లిస్తుంది. ఈ సత్యం మన పాఠశాల ఉపాధ్యాయులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

విద్యార్థికి కష్టాలు లేవని మా అభిప్రాయం కాదు. రాత్రి హోటలులోనో, పెట్రోలు బంకులోనో పనిచేసి పగలు తరగతికి వచ్చేవారు ఉన్నారు. అట్టివారు కునికిపాట్లు పడితే కోపగించడం అధ్యాపకునికి తగదు. రుసుముల సొమ్ము సకాలంలో విడుదల చేయడం, ఖాళీ అయిన అధ్యాపక పదవులను నింపడం, గ్రంథాలయంలో పుస్తకాలు ఉంచడం పాలకుల విధి. సిద్ధపడి తరగతికి రావడం మా విధి. వీటిని అడిగే హక్కు విద్యార్థికి సంపూర్ణంగా ఉన్నది. అయితే ఒక నియమం ఉన్నది. గ్రంథాలయం లేదని నిలదీసేవాడు ఉన్న పుస్తకాన్ని చదివినవాడై ఉండాలి. అధ్యాపకుడు లేడని ధర్నా చేసేవాడు అధ్యాపకుడున్న గంటలో తరగతిలో కూర్చున్నవాడై ఉండాలి. అప్పుడే ఆ కోరికకు బలం వస్తుంది.

విద్యార్థులు దేశ వ్యవహారాలలో పాల్గొనవచ్చునా అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతి గృహాలలో విద్యార్థులు వందేమాతరం పాడినారు. అధికారులు నిషేధించినారు. విద్యార్థులు వెనుకకు తగ్గలేదు. వందలాది విద్యార్థులు బహిష్కృతులైనారు. ఈ కథలో ఇంతవరకు అందరూ చెబుతారు. తరువాతి భాగమే మనం గుర్తుంచుకోదగినది. బహిష్కృతులలో పలువురు చదువుకు స్వస్తి చెప్పి ఇంట కూర్చోలేదు. నాగపూరు విశ్వవిద్యాలయం వారికి తలుపు తెరచినది. ఊరుగాని ఊరు వెళ్ళి వారు చదువు కొనసాగించినారు. ఆ ఉద్యమంలో బహిష్కృతుడైన పి.వి.నరసింహారావు నాగపూరులో న్యాయశాస్త్రం చదివినారు. 1991లో భారత ప్రధాని అయినారు. వారికి ఆత్మగౌరవం ఎంత ముఖ్యమో చదువూ అంత ముఖ్యమైంది. ఒకదాని కొరకు రెండవదాన్ని వారు వదలుకోలేదు. ఉద్యమించే నేటి విద్యార్థికి ఇంతకంటె మంచి ఆదర్శం వెదకనక్కరలేదు.

ఇక చదువు దేనికి ఉపయోగపడవలెనన్నది మిగిలిన ప్రశ్న. మంజీర మీద 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు నీటితో ఈ నేల చెరకు పండించింది. ఆ చెరకును నమ్ముకొని 1930ల చివర బోధను వద్ద శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. 2002లో అందులో అధిక భాగం ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. కార్మికులు వీధిన పడ్డారు. ఎందువల్ల? యంత్రాల లోపమా, నీటి కొరతా, నిర్వహణ లోపమా, విధానాల ఫలితమా? ఈ ప్రశ్న వాణిజ్యశాస్త్ర విద్యార్థిది, అర్థశాస్త్ర విద్యార్థిది, రసాయనశాస్త్ర విద్యార్థిది. శక్కర్‌నగర్ కార్మికుల మాటలలోని సామెతలను, పదాలను సేకరించి భద్రపరచవలసిన పని తెలుగు విద్యార్థిది. ఎక్కడో అచ్చయిన పుస్తకంలోని ఉదాహరణలను వల్లించి, కన్నవారి ఊరి కష్టానికి కారణం చెప్పలేని చదువు సగం చదువే అవుతుంది.

డిచ్‌పల్లి ఆస్పత్రి కథ ఈ సందర్భంలో స్మరింపదగినది. స్కాట్లండు దేశంలోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య చదివిన ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ ఈ జిల్లాకు వచ్చినారు. కుష్ఠు సోకినవారిని కన్నవారు సైతం ఊరి వెలుపలకు పంపుతున్న రోజులవి. రాజా నర్సాగౌడ్ అనే స్థానిక దాత ఇచ్చిన విరాళం తోడు కాగా డిచ్‌పల్లిలో ఆస్పత్రి నిలిచింది. ఆమె తన పట్టాన్ని గోడకు తగిలించుకొని తృప్తి పడలేదు. సముద్రాలు దాటి వచ్చి, అందరూ దూరంగా తొలగిపోయే మనుషుల గాయాలను కడిగినది. ఎక్కడి విశ్వవిద్యాలయం, ఎక్కడి డిచ్‌పల్లి! అంత దూరం నుండి వచ్చిన చదువు ఈ ఊరికి అక్కరకు వచ్చినప్పుడు, ఈ ఊరిలోనే వెలసిన విశ్వవిద్యాలయపు చదువు చుట్టుపక్కల పల్లెలకు అక్కరకు రాకపోతే సిగ్గుపడవలసింది మనం.

అందరూ పల్లెలోనే ఉండిపోవాలని దీని భావం కాదు. హైదరాబాదు వెళ్ళినా, అమెరికా వెళ్ళినా దోషం లేదు. ఎక్కడున్నా ఋణం గుర్తుండవలెను. సెలవులలో ఇంటికి వచ్చిన విద్యార్థి తన ఊరి బడికి వెళ్ళి పదవ తరగతి పిల్లలకు వారం రోజులు లెక్కలు చెబితే చాలు, ఋణంలో కొంత భాగం తీరినట్లే. తన తరువాత చదువుకు రాదగిన ఒక్క పిల్లకు దారి చూపితే మరి కొంత తీరినట్లు.

తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించి ఇంటికి వెళ్ళే శిష్యునికి గురువు చేసిన ఉపదేశం ఉన్నది. సత్యాన్ని, ధర్మాన్ని చెప్పిన ఆ గురువు, నేర్చుకోవడంలోను, నేర్పడంలోను ఏమరుపాటు కూడదని కూడా హెచ్చరించినాడు. నేర్చినది నేర్పినప్పుడే విద్య పూర్తి అవుతుందని ఆయన ఎరుగును. డిచ్‌పల్లి ప్రాంగణంలో పట్టం అందుకొని బస్సెక్కే ప్రతి విద్యార్థి, కిటికీలో నుండి కనిపించే పొలాల వైపు ఒక్కసారి చూడవలెను. అక్కడ వంగి పనిచేస్తున్నవారు అతని అప్పు పత్రం దాచుకొని కూర్చోలేదు. అతని బాకీ వారు ఎన్నడూ అడుగరు. అడుగరు గనుకనే తప్పక తీర్చవలసి ఉన్నది.