తాళం తీసినా... తీగలో కరెంటే!

పాత జీపున్న ఇంట్లో రాత్రి తాళంచెవి తీసి మేకుకు తగిలిస్తే బండి పని అయిపోయినట్టే. ఇంజిను ఆగింది, లైట్లు ఆరాయి. కానీ బానెట్ కింద ఓ తీగ మాత్రం నిద్రపోదు. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి వెళ్లే లావుపాటి ఛార్జింగ్ తీగ అది. (ఆల్టర్నేటర్‌ని మెకానిక్కులు చాలామంది ఇప్పటికీ 'డైనమో' అనే అంటారు.) తాళంతో దానికి పనిలేదు. రాత్రీ పగలూ దాన్లో బ్యాటరీ కరెంటు ఉంటుంది.

పన్నెండు ఓల్టులే కదా, ఏమవుతుందిలే అనుకుంటాం. ముట్టుకుంటే షాక్ కొట్టదు, నిజమే. భయమల్లా వేడితోనే. బండి ఇనుప బాడీ అంతా బ్యాటరీ నెగెటివ్‌కి కలిపి ఉంటుంది. తీగ మీది తొడుగు చిరిగి లోపలి రాగి బాడీకి తగిలిందంటే బ్యాటరీ ఒక్కసారిగా వందల ఆంపియర్లు వదులుతుంది. క్షణాల్లో తీగ ఎర్రబడుతుంది, పక్క తీగలూ కరుగుతాయి. ఆ తర్వాత మంటే!

హెడ్‌లైట్లకూ హారన్‌కూ ఫ్యూజులుంటాయి. విచిత్రమేమిటంటే చాలా పాత బండ్లలో అన్నిటికన్నా లావైన ఈ తీగకే ఫ్యూజు ఉండదు. డ్యాష్‌బోర్డు మీద ఆంపియర్ మీటరున్న వాటిలోనైతే ఇది ఇంజిను వెనక రేకులోని రంధ్రం గుండా డ్రైవరు ముందుకొచ్చి, మళ్లీ వెనక్కి పోతుంది. ఆ రంధ్రానికుండే రబ్బరు బుష్ ఎండి రాలిపోయిందా... గతుకుల్లో రేకు అంచు కత్తిలా తీగను కోస్తూనే ఉంటుంది. కాగజ్‌నగర్ నుంచి బెజ్జూరు, కౌటాల దారుల్లో ఏళ్లతరబడి తిరిగిన జీపులో ఆ రంధ్రాన్ని మొదట చూడాలి. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండకు ఇంజిను వేడి కూడా తోడై తొడుగు పెళుసెక్కుతుంది. వంచితే చిట్లిందంటే టేపు చుట్టి సరిపెట్టకండి, తీగే మార్చాలి. వడ్ల బస్తాల పక్కన బండి పెడితే ఎలుకల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మందు ఒక్కటే: ఫ్యూజు. దాన్ని బ్యాటరీకి జానెడు దూరంలోపే పెట్టించాలి. వరదలా కరెంటు వచ్చేది బ్యాటరీ వైపు నుంచే. ఆల్టర్నేటర్ దగ్గర పెడితే మధ్యలో ఉన్న తీగంతా కాపలా లేనట్టే. ఆల్టర్నేటర్ 35 ఆంపియర్లదైతే 50 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. తీగ కూడా ఆ 50ని మోయగలిగినంత లావుండాలి. లేకపోతే ఫ్యూజు కన్నా ముందు తీగే కాలుతుంది. అలాగని మరీ చిన్న ఫ్యూజు వద్దు. ఇంజిను నడుస్తుండగా అది పోతే ఆల్టర్నేటర్‌కి బ్యాటరీతో సంబంధం తెగి, ఓల్టేజి ఎగిసి డయోడ్లు కాలిపోవచ్చు. ఇంజిను నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకి 'డైనమో'ను పరీక్షించే మెకానిక్కును ఆపాల్సిందీ అందుకే. ఫ్యూజు పోయిన చోట రాగిపోచ చుట్టే చేతివాటం అంతకన్నా ప్రమాదం. అది ఫ్యూజును తీసేసినట్టే.

పని మొదలెట్టేముందు బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీయాలి, అన్నీ అయ్యాక చివర్లో బిగించాలి. పాజిటివ్ ముందు విప్పబోతే పానా బాడీకి తగిలి అక్కడే నిప్పులు రేగుతాయి. తీగకు స్లీవు తొడిగించి, సైలెన్సర్ గొట్టానికి దూరంగా, ఊగకుండా క్లిప్పులు వేయించాలి. ఆల్టర్నేటర్ వెనక నట్టు మీద రబ్బరు టోపీ లేకపోతే అదీ పెట్టించాలి.

ఇక ఇంజిను స్టార్ట్ చేసి బ్యాటరీ దగ్గర మీటరు పెడితే దాదాపు 13.8 నుంచి 14.4 ఓల్టుల మధ్య చూపించాలి. ఓ అరగంట తిప్పి తెచ్చి, ఇంజిను ఆపి ఫ్యూజు పెట్టెను తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఎక్కడో స్క్రూ వదులైందన్నమాట. మళ్లీ బిగించాల్సిందే.