మన కొండల్లో ఈ ఆట పెట్టాలంటే ముందు బాట సంగతి చూడాలి



పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ట్రెయిల్ ఓరియంటీరింగ్ అనే ఆట పేరు మనలో చాలామంది విని ఉండరు. మామూలు ఓరియంటీరింగ్ అంటే మ్యాపు, దిక్సూచి పట్టుకుని అడవిలో పరుగు. ఇందులో పరుగు లేదు, బాట దిగకూడదు. బాట మీద నుంచే దూరంగా కట్టిన తెలుపు, నారింజ జెండాలు చూసి, మ్యాపులో గుర్తు పెట్టిన చోట ఉన్నది ఏదో చెప్పాలి. ఏదీ సరైన చోట లేకపోతే అదీ చెప్పాలి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, నడిచేవాళ్లు ఒకే కోర్సు మీద ఆడతారు. ప్రపంచ పోటీలు 2004లో స్వీడన్‌లో మొదలయ్యాయి.

ఎందుకు రాస్తున్నానంటే, మా చిన్నాన్న కొడుక్కి చిన్నప్పటి నుంచి ఒక కాలు పనిచెయ్యదు. హాస్టల్లో ఆటల పోటీలంటే వాడికి దక్కేది సున్నం గీతలు గీయడం, చెప్పులకు కాపలా. అదే వాడు ఎదుటి కొండ మీద మేస్తున్న ఆవుల్లో మాది ఏదో అరుగు మీద కూర్చునే చెప్తాడు. ఆ చూపుకి మార్కులిచ్చే ఆట ఒకటుందని మాకెవరూ చెప్పలేదు.

పాడేరు, అరకు వైపు శని, ఆదివారాలు పోటీ పెడితే బాగుంటుంది అంటున్నారు. బాగుంటుంది, కానీ నేల చూసుకోవాలి. వానల్లో పొదలు పెరిగి జెండాలు కనబడవు, వేసవిలో గీసిన మ్యాపు అప్పటికి సరిపోదు. చలికాలం పొద్దున్నే పెడితే మంచులో మొదట వచ్చినవాడికి ఏమీ కనబడదు, ఆలస్యంగా వచ్చినవాడికి అన్నీ కనబడతాయి. అలాంటప్పుడు గెలిచేది అదృష్టం. మంచు విడిచాకే మొదలుపెట్టాలి. నిలబడినవాడికి కనబడే జెండా కుర్చీలో ఉన్నవాడికీ కనబడాలి, కాబట్టి కోర్సు వేసేవాళ్లు ప్రతి చోటా ఒకసారి కూర్చుని చూడాలి.

అన్నిటికన్నా పెద్దది బాట. చక్రం దిగబడకూడదు, జారకూడదు, ఎత్తు మరీ ఎక్కువ ఉండకూడదు. మన ఊళ్లలో చాలాచోట్ల ఇప్పటికీ నిండు గర్భిణిని డోలీలో గెడ్డ దాటిస్తున్నాం. చక్రాల కుర్చీ పోయే బాట ఉంటే ఆ డోలీ అక్కర్లేదు. ఆ కొలతే మన ఊరి బాటకూ అడుగుదాం.

"ముందు రోడ్డు, తర్వాత ఆట" అనే అన్నలున్నారు. వాళ్ల మాట తప్పని నేననను. కానీ ఈ ఆట నేర్పేది మ్యాపు చదవడం. 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ కమిటీ క్లెయిములతో పాటు మ్యాపు కూడా తయారుచెయ్యాలి. తాత పోడు హద్దు చేత్తో చూపిస్తాడు. కాగితం మీద గీత పక్కకి జరిగితే పట్టుకునేవాళ్లు ఎవరు? గీతలు దగ్గరగా ఉంటే నిట్ట కొండ, దూరంగా ఉంటే చదును అని తెలిసిన పిల్లో పిల్లాడో ఊరికి ఒక్కరున్నా చాలు.

పెద్ద పోటీ తర్వాత చూద్దాం. ముందు బడి మైదానంలో, కాఫీ తోట పక్క చదును బాట మీద నాలుగు జెండాలు కట్టి మొదలుపెడదాం. మా తమ్ముడు తయారుగా ఉన్నాడు. ఈసారి సున్నం గీతలు ఇంకెవరైనా గియ్యాలి.

జై ఆదివాసీ.