కన్నీటికి అక్షరాలు

తల్లినో తండ్రినో పోగొట్టుకున్న వారి ఇంట ఆదరణ కూడికలో మనం తరచూ చెప్పే మాట ఒకటుంది: ‘ఏడవకండి, పరలోకంలో మళ్లీ చూస్తాం’. పునరుత్థాన నిరీక్షణ సత్యమే. కానీ ఆ సత్యంతో దుఃఖించేవారి నోరు మూయిస్తే అది ఆదరణ కాదు. పరిచర్యలో నేనూ ఆ తప్పు ఎన్నోసార్లు చేశాను.

ఇమ్మానుయేలు రక్తపు ఊటను గూర్చి మన సంఘాలు పాడుకునే కీర్తనకు ఆంగ్ల మూలం రాసిన కవి విలియం కౌపర్. 1737లో తల్లి చనిపోయే నాటికి ఆయనకు ఆరేళ్లు నిండలేదు. ఏడుస్తున్న పిల్లవాణ్ణి ఊరడించాలని ఇంటి పనివాళ్లు ‘అమ్మ మళ్లీ వస్తుంది’ అన్నారు. అతడు నమ్మాడు. రోజూ ఎదురుచూసి రోజూ నిరాశపడ్డాడు. 1790లో బంధువు ఒకరు ఆ తల్లి చిత్రపటాన్ని పంపేసరికి కౌపర్‌కు 58 ఏళ్లు. ఆ పటం చూస్తూ, తల్లితో మాట్లాడుతున్నట్టే ఒక కవిత రాశాడు. నాడు విన్న చావుగంట, కిటికీలోంచి చూసిన శవపేటిక బండి, పనివాళ్ల మాట, అమ్మ చేతి బిస్కెట్టు అన్నీ అందులో ఉన్నాయి. యాభై ఏళ్లకు పైగా గుండెలో దాగిన దుఃఖం అలా అక్షరాలైంది.

ఇది అవిశ్వాసమా? క్రీ.పూ. 586లో యెరూషలేము కూలిపోయిన దుఃఖంలోంచి వచ్చిన విలాపవాక్యాల గ్రంథం మొత్తం కవిత్వమే. అందులో మొదటి నాలుగు అధ్యాయాలూ హెబ్రీ భాషలోని 22 అక్షరాల ఆధారంగా సాగుతాయి. మన భాషలో అయితే ‘అ’ మొదలు చివరి అక్షరం దాకా ఏడ్చినట్టు! అంతు తెలియని దుఃఖానికి అక్షరమాల గట్టు కట్టింది. తండ్రిలేని అనాథలమయ్యామని ఆ ప్రజలు దేవునికే మొరపెట్టుకున్నారు (విలాప 5:3). దేవుడు ఆ ఏడుపును తన వాక్యంలోనే భద్రపరిచాడు. లాజరును లేపబోతున్నానని తెలిసీ యేసుప్రభువు కన్నీళ్లు విడిచాడు (యోహాను 11:35).

అమ్మానాన్నలను పోగొట్టుకున్న ప్రియులారా, ఛందస్సు రాదని వెనుకాడకండి. నాన్న వేలు పట్టుకుని ఆరాధనకు వెళ్లిన దారి, అమ్మ బైబిల్లో మడిచిపెట్టిన పేజీ, సమయానికి అడగలేకపోయిన క్షమాపణ... ఉన్నదున్నట్టు రాయండి. రాసింది ప్రభువు ఎదుట చదవండి. తల్లిదండ్రులు విడిచినా దేవుడు చేరదీస్తాడన్న దావీదు సాక్ష్యం (కీర్తన 27:10) అప్పుడు మీది కూడా అవుతుంది. మిగిలిన మనం చేయవలసింది చాలా చిన్న పని. ఒక సాయంత్రం వారి పక్కన కూర్చుని, వారు రాసుకున్నది మౌనంగా విందాం.