నీళ్ళ సంగతి సూక్ష్మజీవి చెబుతుందా?

ఈ వారం నేర్చుకున్న మాట సూక్ష్మజీవి. సూక్ష్మం అంటే కంటికి కనపడనంత చిన్నది. జీవి అంటే ప్రాణం ఉన్నది. మా ఇంట్లో అన్నిటికీ ఒకటే మాట, పురుగు. "నీళ్ళల్ల పురుగులుంటయి, కాగబెట్టి తాగు బిడ్డా" అంటుంది అమ్మమ్మ, ఇక్కడి చికాగో నీళ్ళని చూసి కూడా.

ఆవిడది నల్గొండ జిల్లా. అక్కడి బోరు నీళ్ళలో పెద్ద సమస్య పురుగు కాదు, ఫ్లోరైడ్. భూమిలోని రాళ్ళ నుంచి నీళ్ళలోకి దిగుతుంది. రంగు లేదు, వాసన లేదు, కాగబెట్టినా పోదు. ఎక్కువగా ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళ మీద మచ్చలు పడతాయి, ఎముకలు వంగిపోతాయి. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాలు ఉన్నాయి. కానీ నల్లా రాని రోజు బోరే దిక్కు.

ఫ్లోరైడ్ బాక్టీరియాకి కూడా విషమే. అది లోపలికి రాగానే పసిగట్టే స్విచ్ కొన్నిటిలో ఉందని 2012లో యేల్ యూనివర్సిటీలో రోనాల్డ్ బ్రేకర్ బృందం చెప్పింది. మా ఊరి పక్కనే ఉన్న నార్త్‌వెస్టర్న్‌లో జూలియస్ లక్స్ బృందం ఆ స్విచ్‌ని రంగు పుట్టించే జన్యువుకి తగిలించింది. చిన్న ట్యూబులో నీటి చుక్క వేస్తే, ఫ్లోరైడ్ ఎక్కువుంటే పసుపుపచ్చగా మారుతుంది.

"మార్చిన బాక్టీరియాని ఊళ్ళోకి తెస్తారా?" అని మా నాన్న భయం. న్యాయమైన భయమే. 2006లో ఎడిన్‌బరా విద్యార్థులు ఆర్సెనిక్ కోసం తయారుచేసింది బతికున్న బాక్టీరియానే. కానీ ఈ ట్యూబులో ఉండేది బాక్టీరియా లోపలి సరుకు మాత్రమే, ఎండబెట్టిన పొడి. అది పెరగదు, పారిపోదు. (అంటే జీవి పోయి సూక్ష్మం మిగిలింది. మరి దీన్ని తెలుగులో ఏమనాలి? మీకు తెలిస్తే చెప్పండి.)

నాకు నచ్చింది ఇంకొకటి. కెన్యాలోని నకూరు ప్రాంతంలో ఈ పరీక్షని మామూలు జనమే చేశారు. అందరూ చెయ్యగలిగారు. ఫలితం రంగులో ఉంటుంది కాబట్టి చదువు రాని మా అమ్మమ్మ కూడా చెప్పగలదు. నల్గొండకి ఇది రావాలనే నేనంటాను.

అయితే ఒక షరతు. కెన్యాలో 57 నమూనాల్లో 89.5 శాతం సరిగ్గా తేలాయి. అంటే ఆరు తప్పు. పైగా అక్కడ పెట్టుకున్న గీత లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన దేశపు ప్రమాణం 1 దాటకుండా ఉంటే మంచిదంటుంది, వేరే నీళ్ళు దొరక్కపోతేనే 1.5 దాకా ఒప్పుకుంటుంది. ఎండలో పనిచేసేవాళ్ళు నీళ్ళు కూడా ఎక్కువ తాగుతారు కదా. పసుపు వస్తే ఆ బోరు వెంటనే మానెయ్యాలి. తప్పుగా వచ్చినా పోయేది ఇంకో బోరుదాకా నడక. పసుపు రాకపోతే మాత్రం ఆ నీళ్ళు మంచివని ఎవరూ ఊళ్ళో చాటకూడదు. ఆ బోరు నీళ్ళు ల్యాబ్‌కి పంపాలి, ఫలితం ఆలస్యమైనా సరే.