సూరత్‌లో రెనొవేటెడ్ ఫ్లాటు: కొత్త కిచెన్‌కా, పాత పునాదికా మన డబ్బు?

‘2 బీహెచ్‌కే, పూర్తిగా రెనొవేట్ చేసింది, ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్, మెట్రోకు దగ్గర.’ సూరత్‌లో పర్వత్ పాటియా, గోడాదరా, డిండోలీ వైపు ఇల్లు వెతికేవారికి ఇలాంటి మెసేజ్‌లు కొత్త కాదు. వెతికేవారిలో తెలుగువాళ్లూ చాలామందే. తెలంగాణ జిల్లాల నుంచి పవర్‌లూమ్ పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా చుట్టుపక్కల తరాలుగా స్థిరపడ్డాయి. తాత మరమగ్గం నడిపాడు, తండ్రి ఒక గది కొన్నాడు, కొడుకు ఇప్పుడు లిఫ్టున్న ఫ్లాటు చూస్తున్నాడు. రెండు తరాల పొదుపు ఒక్క సంతకంతో వెళ్లిపోతుంది.

ఆ ప్రాంతం మారుతున్న మాట నిజమే. 2021 జనవరిలో శంకుస్థాపన జరిగిన సూరత్ మెట్రోలో రెండు మార్గాలు కలిపి సుమారు 40 కిలోమీటర్లు. భేసాణ్ నుంచి సరోలీ వెళ్లే రెండో మార్గం మోడల్ టౌన్, మగోబ్ మీదుగా పోతుంది. అయితే రాబోయే స్టేషన్ ధరను బ్రోకర్ ఇవాళే కలిపేస్తాడు. ఆశ మీద కట్టిన ధర ఎలా ఉంటుందో అదే ఊళ్లోని ఖజోద్ చూపిస్తుంది. అక్కడ 2023 డిసెంబర్ 17న ప్రధాని ప్రారంభించిన డైమండ్ బోర్స్ విస్తీర్ణంలో పెంటగాన్‌ను మించింది. ముంబై వజ్రాల వ్యాపారులు మాత్రం అనుకున్నంత వేగంగా రాలేదు.

అసలు చూడాల్సింది భవనాన్ని. 2024 జూలై 6న సూరత్ శివారు సచిన్ దగ్గర పాలీ గ్రామంలో ఆరంతస్తుల భవనం కూలి ఏడుగురు చనిపోయారు. అది కట్టి పదేళ్లు కూడా కాలేదు. లోపల పుట్టీ, రంగు, టైల్స్ ఎంత కొత్తవైనా పిల్లర్ల సంగతి చెప్పవు. పై ఇంటి బాత్రూమ్ నుంచి నీరు దిగి స్లాబులో ఇనుము తుప్పుపట్టే చోటునే ఫాల్స్ సీలింగ్ కప్పేస్తుంది. పాత ఫ్లాటుకు కొత్త సీలింగ్ కనిపిస్తే నాకు మొదట కలిగేది అనుమానమే. ఒక ప్యానెల్ విప్పి చూపించమనడానికి మొహమాటం దేనికి?

ఇక కాగితాలు. మన దగ్గర ఓసీ అనేదాన్ని అక్కడ బీయూ పర్మిషన్ అంటారు. అది లేని కట్టడాలను ఇంపాక్ట్ ఫీజుతో క్రమబద్ధీకరించేందుకు గుజరాత్ 2022లో చట్టం తెచ్చింది. మన బీఆర్ఎస్ పథకం లాంటిదే. ఫీజు కట్టిన రసీదు గోడల బలానికి హామీ కాదు. రెరా కూడా ప్రధానంగా బిల్డర్ అమ్మే కొత్త ప్రాజెక్టులకే. ఒక యజమాని నుంచి మరొకరికి పోయే పాత ఫ్లాటుకు దాని రక్షణ పెద్దగా అందదు. అందుకే బ్రోకర్ ‘సూపర్ బిల్టప్’ లెక్క చెబితే టేపు పట్టుకుని కార్పెట్ ఏరియా కొలుచుకోవాల్సింది కొనేవాడే. సూరత్‌లోని కొన్ని ప్రాంతాలకు 1991 నాటి ‘అశాంత ధారా’ కూడా వర్తిస్తుంది. అక్కడ స్థిరాస్తి చేతులు మారాలంటే కలెక్టర్ ముందస్తు అనుమతి కావాలి. అడ్వాన్స్ ఇచ్చాక ఈ సంగతి తెలిస్తే లాభం లేదు.

బేరంలో ఎవరూ ఎత్తని విషయం ఇంకొకటి ఉంది. 2018లో సవరించిన గుజరాత్ ఫ్లాట్ల చట్టం ప్రకారం 25 ఏళ్లు దాటిన భవనాన్ని 75 శాతం యజమానులు ఒప్పుకుంటే పడగొట్టి మళ్లీ కట్టొచ్చు. అంటే ఇరవై రెండేళ్ల భవనంలో మాడ్యులర్ కిచెన్‌కు అదనంగా ఐదారు లక్షలు ఇచ్చినవాడు, నాలుగైదేళ్లలో కూల్చబోయే వంటింటికి ఇచ్చినట్టు కావచ్చు. అక్కడ నిజంగా విలువ ఉన్నది స్థలంలో వచ్చే వాటాకు. ఆ వాటా ఎంతో దస్తావేజులో స్పష్టంగా రాసి ఉందా? సొసైటీ సమావేశాల్లో రీడెవలప్‌మెంట్ మాట వచ్చిందా? కూల్చాక కొత్తది పూర్తయ్యేదాకా అద్దె ఎవరు భరిస్తారు? బ్యాంకు ఈఎంఐతో పాటు ఇంటద్దె కూడా కట్టాల్సి వస్తే, మీటరు లెక్కన కూలి తెచ్చుకునే కుటుంబం ఎన్ని నెలలు తట్టుకుంటుంది? తెలుగు కుటుంబాల్లో ఇల్లు చూడటానికి పదిమంది వెళతారు. వారిలో ఒకరైనా సొసైటీ సెక్రటరీ ఇంటి తలుపు తట్టి మినిట్స్ పుస్తకం అడిగితే మేలు.